నెల్లూరు రొయ్యల్ని రీఫర్ కంటైనర్‌లో ఫారిన్ పంపాలంటే ఎలా?

విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు చెరువులున్నోళ్ళు చాలామంది నన్ను అడిగేది ఒకటే, మన సరుకు మనమే డైరెక్ట్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చా అన్నా అని. చేసుకోవచ్చు. అందరూ లైసెన్సుల పేర్లు వినే భయపడతా ఉంటారు కానీ అసలు జాగ్రత్త పడాల్సింది కంటైనర్ తలుపు దగ్గర, ఎందుకంటే రీఫర్ కంటైనర్ (చల్లబెట్టే మెషిన్ బిగించిన కంటైనర్) సరుకుని గడ్డకట్టించదు, ముందే గడ్డకట్టిన సరుకుని అట్నే కాపాడుతుంది, అంతే. మెత్తబడిన రొయ్యని లోపల పెట్టి మైనస్ 18 సెట్ చేస్తే అదే గట్టిపడిపోద్దిలే అనుకుంటే మొత్తం పోతుంది.

ముందు కాగితాలు

డీజీఎఫ్‌టీ సైట్‌లో ఐఈసీ కోడ్ (ఎగుమతి, దిగుమతి చేసేవాళ్ళకి కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం ఇచ్చే నంబరు) తీసుకోండి, ఫీజు 500 రూపాయలు, పాన్ కార్డు, బ్యాంకు అకౌంటు ఉంటే ఇంట్లో కూర్చునే అయిపోతుంది. ప్రతి ఏడాదీ ఏప్రిల్ నించి జూన్ లోపల దాన్ని అప్‌డేట్ చేయాలి, మార్పులేం లేకపోయినా సరే, లేదంటే కోడ్ ఆపేస్తారు. తర్వాత జీఎస్టీ, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే సెంట్రల్ లైసెన్సు, ఫారిన్ డబ్బు తీసుకునేదానికి బ్యాంకు ఇచ్చే ఏడీ కోడ్‌ని పోర్టులో రిజిస్టర్ చేయించడం, సీఫుడ్ కాబట్టి ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) రిజిస్ట్రేషన్.

సొంత ప్రాసెసింగ్ ప్లాంటు లేదని ఆగిపోవద్దు. మర్చంట్ ఎక్స్‌పోర్టర్‌గా రిజిస్టర్ అయి, ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ కౌన్సిల్ అప్రూవల్ ఉన్న ప్లాంటులో ప్యాక్ చేయించుకోవచ్చు. మొదటి రెండు మూడు కంటైనర్లు ఇట్నే పంపమని నేను గట్టిగా చెప్తాను, ప్లాంటు కట్టేదానికి కోట్లు పెట్టే ముందు బయ్యర్ ఎట్లాంటోడో తెలుసుకోవాలి కదా.

చెరువు గట్టు దగ్గర్నించే మొదలు

చెరువుకి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉండాలి. యూరప్ పంపాలంటే పట్టుబడికి ముందే ఎంపెడా ల్యాబులో యాంటీబయోటిక్ టెస్టు చేయించుకోవాలి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటివి ఆనవాలు దొరికినా సరే అక్కడ కంటైనర్ ఆపేస్తారు, ఒక్క చెరువులో మందు వాడితే ప్లాంటు మొత్తానికి చెడ్డపేరు. అమెరికాకైతే డీఎస్ 2031 అనే ఫారం కూడా పెట్టాలి, ఇవి చెరువులో పెంచిన రొయ్యలే అని చెప్పేదానికి, ఎందుకంటే సముద్రంలో పట్టిన మన రొయ్యల్ని తాబేళ్ళ రక్షణ కారణంతో 2019 నించి వాళ్ళు తీసుకోవడం లేదు.

పట్టుబడి రోజు ఐసు దగ్గర పిసినారితనం వద్దు. కిలో రొయ్యకి కిలో ఐసు, పొరపొరగా వేయాలి. మే నెల ఎండలో గట్టు మీద అరగంట ఊరికే ఉన్న రొయ్య తల నల్లబడేది మనందరం చూసిందే.

గడ్డ లోపలి దాకా కట్టిందా?

ప్లాంటులో రొయ్యలన్నీ ఒకే గడ్డగా, అంటే బ్లాక్ అయితే ప్లేట్ ఫ్రీజర్, ఒక్కో రొయ్యని విడివిడిగా గడ్డకట్టించాలంటే ఐక్యూఎఫ్ పద్ధతి. ఏదైనా గానీ నడిమధ్యలో మైనస్ 18 రావాలి. పైన చెయ్యిపెట్టి చూస్తే తెలియదు, రెండు మూడు కార్టన్లు తీసి బ్లాక్‌కి చిన్న చిల్లు పెట్టి ప్రోబ్ థర్మామీటర్ దించి చూడాలి, ఆ రీడింగ్ కనపడేటట్టు ఫోటో తీసి పెట్టుకోవాలి. లోడింగ్ రోజు హడావిడిలో అందరూ వదిలేసేది ఇదే.

బుకింగ్‌లో మైనస్ గుర్తు

షిప్పింగ్ లైన్‌కి బుకింగ్ పంపేటప్పుడు టెంపరేచర్‌ని అంకెల్లో, అక్షరాల్లో రెండు రకాలుగా రాయండి. మైనస్ గుర్తు ఎగిరిపోయి ప్లస్ 18 అయిపోతే కథ ముగిసినట్టే. ఇంకోటి, అమెరికా బయ్యర్ సున్నా డిగ్రీలు అని మెయిల్ పెడితే అది ఫారెన్‌హీట్, మన లెక్కలో దాదాపు మైనస్ 18, దాన్ని సెల్సియస్ అనుకుని సున్నా రాసి పంపితే సరుకు కరిగిపోతుంది. ఫ్రోజెన్‌కి వెంటిలేషన్ (బయటిగాలి వచ్చే కన్నం) మూసి ఉంచాలి అని కూడా రాయండి.

గూడూరు, పొదలకూరు నిమ్మకాయలు పంపేవాళ్ళకి ఇదంతా రివర్స్. కాయ కోసినా ఊపిరి తీస్తానే ఉంటుంది, వేడి, కార్బన్ డయాక్సైడ్ వదుల్తా ఉంటుంది, అందుకని వెంట్ కొంచెం తెరవాలి, టెంపరేచర్ 8 నించి 10 డిగ్రీలు. మరీ చల్లగా పెడితే తొక్క మీద మచ్చలొస్తాయి. మామిడికైతే 13 దగ్గర పెడతారు.

కంటైనర్ వచ్చాక

ముందు పీటీఐ రిపోర్టు అడగండి, అంటే మెషిన్‌ని టెస్ట్ చేసి పంపారా లేదా అని. తర్వాత మీరే లోపలికి వెళ్ళి తలుపులు మూయించుకుని చూడండి, యాడైనా వెలుతురు కనపడితే ఆ బాక్సు వెనక్కి పంపేయండి. డోర్ రబ్బర్లు, లోపలి వాసన, నేల శుభ్రం చూడాలి.

చల్లగాలి ఎట్లా తిరుగుతుందో తెలిస్తే లోడింగ్ సగం వచ్చినట్టే. మెషిన్ గాలిని కింద నేలలోని గాళ్ళ (పొడవాటి గాడుల) గుండా వదుల్తుంది, అది తలుపు దాకా వచ్చి పైకి లేచి సరుకు మీదగా మళ్ళీ మెషిన్‌కి పోతుంది. అందుకే పైన గోడ మీదుండే ఎర్ర గీత దాటి కార్టన్లు పేర్చకూడదు, తలుపు వైపు నేల గాళ్ళు అయిపోయిన చోటు దాటి ఒక్క పెట్టె కూడా పెట్టకూడదు. హమాలీలు ఇంకో పది పెట్టెలు పట్టిద్దాం సార్ అంటారు, ఒప్పుకోవద్దు. ఫ్రోజెన్ కార్టన్లు ఒకదానికొకటి ఆనించి దగ్గరగా పేర్చాలి, వాటికి చిల్లులు ఉండకూడదు, గాలి చుట్టూ తిరిగితే చాలు. నిమ్మ, మామిడి పెట్టెలకి మాత్రం చిల్లులు ఉండాలి, అవి పైనా కిందా కలిసేటట్టు పేర్చాలి, గాలి కాయల మధ్యలోంచి పోవాలి కాబట్టి.

తలుపులు తెరిచి ఉన్నంతసేపు మెషిన్ ఆపేయండి. మన దగ్గర ఉక్కలో మెషిన్ ఆడుతుంటే తేమగాలి లోపలికి లాగి కాయిల్ మీద మంచు పట్టేస్తుంది. కంటైనర్‌కి అతుక్కునే కోల్డ్ డాక్ (చల్లటి లోడింగ్ గది) లేకపోతే ఖాళీ కంటైనర్‌ని ముందుగా చల్లబెట్టడం కూడా మంచిది కాదు, అదే కారణం. కోల్డ్ స్టోరేజి నించి తెచ్చింది తెచ్చినట్టు ఎక్కించి, తలుపేసి, బోల్ట్ సీల్ కొట్టి, నంబరు ఫోటో తీయండి. లోపల తలుపు వైపు ఒక డేటా లాగర్ (టెంపరేచర్ నమోదు చేసుకునే చిన్న పరికరం) పెట్టడం మర్చిపోవద్దు.

రోడ్డు మీద

కృష్ణపట్నం మన పక్కనే ఉన్నా మన రొయ్యల కంటైనర్లు ఎక్కువగా చెన్నై వైపే పోతాయి, హైవే మీద 175 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ట్రెయిలర్‌కి డీజిల్ జెన్‌సెట్ తగిలించి నడపాలి. నాకు బాగా దెబ్బ తగిలింది ఇక్కడే. ఒక మే నెలలో డ్రైవరు సూళ్ళూరుపేట దాటాక బండి ఆపి, జెన్‌సెట్ మోతకి నిద్రపట్టడం లేదని దాన్ని కట్టేసి పొద్దు బాగా ఎక్కేదాకా పడుకున్నాడు. మళ్ళీ ఆన్ చేసేటప్పటికి డిస్‌ప్లే మీద మైనస్ 9 ఉంది. ఆ తర్వాత అంతా మామూలే అనుకున్నాం, నెల పైన గడిచి బయ్యర్ తలుపు తీస్తే గోడవారగా ఉన్న కార్టన్లలో రొయ్యలు ముద్దకట్టి ఉన్నాయి, రేటు కోసేశాడు. అప్పట్నించి బండి బయల్దేరాక రెండు గంటలకోసారి డ్రైవర్ చేత డిస్‌ప్లే ఫోటో వాట్సాప్‌లో పెట్టిస్తా, డీజిల్ ట్యాంకు నిండా ఉందో లేదో నేనే చూస్తా.

పోర్టులో, ఆ తర్వాత

షిప్పింగ్ బిల్లు, ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, హెల్త్ సర్టిఫికెట్, కంటైనర్‌తో కలిపి బరువు చెప్పే వీజీఎం, ఇవన్నీ సీహెచ్ఏ (కస్టమ్స్ ఏజెంటు) చూసుకుంటాడు గానీ హెల్త్ సర్టిఫికెట్‌లో బ్యాచ్ నంబర్లు, కార్టన్ మీద ప్రింటు ఒకటేనా కాదా మీరే సరిచూడండి, ఒక్క అంకె తేడా వచ్చినా అక్కడ రోజుల తరబడి ప్లగ్ చార్జీలు (కంటైనర్ మెషిన్‌కి పోర్టులో కరెంటు ఖర్చు) కట్టుకుంటా కూర్చోవాలి. అమెరికాకి సరుకు చేరకముందే అక్కడి ఆహార, మందుల సంస్థ ఎఫ్‌డీఏకి ప్రయర్ నోటీసు (ముందస్తు సమాచారం) పోవాలి, మీ బయ్యర్ పంపాడా లేదా అడిగి నంబరు తెప్పించుకోండి.

ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు మెషిన్ చెడిపోతే అనే చోట ఏం రాసుందో చదవండి. చాలా ఫ్రోజెన్ పాలసీల్లో మెషిన్ వరసగా 24 గంటలు ఆగితేనే క్లెయిమ్ వస్తుంది, ఆరు గంటలు ఆగి పాడైతే రాదు. డబ్బు విషయంలో కొత్త బయ్యర్ అయితే ఎల్‌సీ (బయ్యర్ బ్యాంకు ఇచ్చే పూచీ పత్రం) అడగండి, లేదంటే బయ్యర్ డబ్బు ఎగ్గొడితే ఆదుకునే ఈసీజీసీ కవర్ తీసుకోండి.

అక్కడ తలుపు తీసే రోజు బయ్యర్‌ని డేటా లాగర్ రీడింగ్ పంపమనండి, సరుకు బాగుందన్నా సరే. ఏదన్నా తేడా కనపడితే కంటైనర్ మెషిన్‌లో ఉండే టెంపరేచర్ రికార్డు డౌన్‌లోడ్ చేసివ్వమని షిప్పింగ్ లైన్‌కి అదే రోజు మెయిల్ కొట్టండి, బాక్సు ఇంకో లోడుకి పోయాక అడిగితే అది తెప్పించుకునేదానికి నానా తిప్పలు పడాలి.