పాత ర్యాప్ రికార్డ్ కొనేముందు ఓసారి లైట్ కింద పెట్టి చూడండి

కొత్తగా హిప్‌హాప్ వినైల్ (ప్లేయర్ మీద తిప్పే పాటల రికార్డులు) కొనడం మొదలెట్టేవాళ్ళు డైరెక్ట్‌గా ఆల్బమ్‌ల మీద పడకండి, ముందు 12 అంగుళాల సింగిల్స్ తీసుకోండి, వాటిలో పాటలు తక్కువ కాబట్టి గ్రూవ్‌లు (సూది నడిచే గాడులు) వెడల్పుగా ఉండి బేస్ గట్టిగా కొడుతుంది, పైగా చాలావాటిలో ఇన్‌స్ట్రుమెంటల్ (మాటల్లేని మ్యూజిక్) కూడా వస్తుంది.

సెకండ్‌హ్యాండ్ అయితే కవర్ చూసి మురిసిపోవద్దు. రికార్డ్ బయటికి తీసి లైట్‌కి ఏటవాలుగా పట్టుకోండి. వెంట్రుకల్లాంటి సన్న గీతలు పర్లేదు, గోటికి తగిలే గీత ఉంటే మాత్రం టక్ టక్‌మని వినిపిస్తూనే ఉంటుంది, వదిలేయండి. డీజేలు వాడిన కాపీల్లో ఇంకో తలనొప్పి, పాట మొదలయ్యే చోటే ముందుకీ వెనక్కీ తిప్పీ తిప్పీ గ్రూవ్ అరిగిపోయి బుస్సుమంటుంది, దీన్నే క్యూ బర్న్ అంటారు. తర్వాత లేబుల్ చుట్టూ ఖాళీ జాగాలో చెక్కిన నంబర్ చూడండి, ఏ ప్రెస్సింగో (ఏ విడతలో అచ్చేసిందో) పట్టుకోవడానికి అదే ఆధారం. అమ్మేవాళ్ళు కండిషన్‌కి ఇచ్చే గ్రేడ్ వీజీ అంటే వెరీ గుడ్డే గానీ నిజానికి బాగా వాడేసిన సరుకు, నేను రెండుసార్లు బలయ్యా!

ఇంట్లో నిలువుగా పెట్టండి, పడుకోబెట్టి పేరిస్తే వంగిపోతాయి.

ఇక లిరిక్స్‌లో తుపాకులు, డ్రగ్స్ విని అంతా నిజమే అనుకోకండి, సగం నటనే. అమెరికా కోర్టుల్లో అవే లైన్లు ర్యాపర్ల మీద సాక్ష్యంగా పెడుతున్నారు మరి. కాలిఫోర్నియా 2022లో దీనికి హద్దులు పెడుతూ చట్టం తెచ్చింది, అట్లాంటాలో ర్యాపర్ యంగ్ థగ్ కేసులో మాత్రం 2023లో జడ్జి కొన్ని లిరిక్స్‌ని అనుమతించాడు.