సినిమా వాద్యసంగీతం, విడుదలకో తీరు – మూడో పాఠం: ముందు సౌండ్ సమం చేయాలి

ఒకే సినిమా సంగీతం క్యాసెట్‌గా, సీడీగా వేరువేరుగా విడుదలైతే ఏది బాగుందో పోల్చి వినడమే మన పని. పోయిన పాఠంలో రెండు విడుదలల్లోనూ ఒకే టేకు, అంటే ఒకేసారి వాయించి రికార్డు చేసినదే ఉందా, రెండూ ఒకే వేగంతో నడుస్తున్నాయా అని చూసుకోవడం నేర్చుకున్నాం. క్యాసెట్ నుంచి ఎక్కించిన కాపీ ఆరు శాతం వేగంగా తిరిగితే శ్రుతి హార్మోనియం మీద పక్క మెట్టుకు పోతుందని, అప్పుడు వయొలిన్లకు లేని తళుకు వస్తుందని చెప్పుకున్నాం. ఆ పరీక్ష దాటిన జంటనే ఈ పాఠానికి తెచ్చుకోండి.

మొన్న మా అన్న కొడుకు హన్మకొండ వచ్చినప్పుడు వాడికి ముప్పై సెకన్ల వయొలిన్ల ముక్కను రెండుసార్లు వినిపించాను. రెండోది అయిపోకముందే హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపి, "కాకా, రెండోదే మంచిగుంది. వయొలిన్లు విడివిడిగ వినవస్తున్నయ్, కింద చెల్లో గూడ తెలుస్తుంది" అన్నాడు. నిజానికి రెండూ ఒకే ఫైలు. రెండోసారి సౌండ్‌ను ఒకటిన్నర డెసిబెల్ (సౌండ్‌ను కొలిచే కొలత) పెంచాను, అంతే.

పిల్లవాడి చెవిలో లోపమేమీ లేదు. సౌండ్ తగ్గేకొద్దీ మన చెవి బాగా కింది స్వరాలను ముందుగా వదిలేస్తుంది, బాగా పై స్వరాలనూ కొంత వదిలేస్తుంది. 1933లోనే ఫ్లెచర్, మున్సన్ అనే ఇద్దరు అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో దీన్ని కొలిచి చూపించారు. కొద్దిగా పెంచితే ఆ స్వరాలు తిరిగి వస్తాయి. తేడా ఒకటి రెండు డెసిబెల్స్ అయితే మనకు "సౌండ్ ఎక్కువైంది" అనిపించదు, "క్వాలిటీ పెరిగింది" అనిపిస్తుంది. అందుకే సమం చేయకుండా పోల్చి రాసుకున్న నోట్సు ఎంత శ్రద్ధగా రాసినా పనికిరాదు. నా పాత నోటుబుక్కుల్లో రెండింటిని ఈ ఒక్క కారణంతోనే పక్కన పెట్టేశాను.

ఇప్పుడు కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరవండి, ఉచితంగా దొరుకుతుంది. రెండు విడుదలలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి, వాయిద్యమంతా ఒక్కసారిగా లేచే చోటికి వెళ్ళి, సౌండ్ హెచ్చుతగ్గులను చూపే గీతను దగ్గరగా చూడండి. డిజిటల్ రికార్డింగులో సౌండ్‌కు ఒక కప్పు ఉంటుంది, దాన్ని దాటి పోవడానికి వీల్లేదు. 16 బిట్ల సీడీలో ఆ కప్పు కింద సుమారు 96 డెసిబెల్స్ జాగా ఉంటుంది. వాద్యబృందం ఊపిరి పీల్చుకునేది ఆ జాగాలోనే. జాగ్రత్తగా చేసిన విడుదలలో గీత జొన్నచేను లాగా ఉంటుంది, ఒక కంకి పైకి, ఒకటి కిందికి. సౌండ్ గట్టిగా వినపడాలని బిగించిన విడుదల హార్వెస్టర్ పోయిన వరిమడి లాగా ఉంటుంది, మొదళ్లన్నీ ఒకే ఎత్తు. శిఖరాలు కోసేసి, మిగిలినదంతా పైకి నెట్టారన్నమాట.

రెండు గీతలూ ఎక్కడో ఒకచోట కప్పును తాకుతాయి కాబట్టి శిఖరాలను చూసి సమం చేయడం కుదరదు. సగటును చూడాలి. మరీ మెల్లగానూ కాక, మరీ గట్టిగానూ కాక, తీగవాద్యాలు మాత్రమే నిలకడగా వాయించే ముప్పై సెకన్లు ఎంచుకోండి. గట్టి చోట ఎంచుకుంటే కోత పడిన భాగమే కొలతలోకి వస్తుంది. రెండింటిలోనూ అదే ముక్కను సెలెక్ట్ చేసి ఎనలైజ్ మెనూలో మెజర్ ఆర్ఎంఎస్ నొక్కండి, సగటు సౌండ్‌ను డెసిబెల్స్‌లో చూపేది అదే. ఒకటి మైనస్ 23.4, ఇంకొకటి మైనస్ 18.1 వచ్చిందనుకోండి. తేడా 5.3. గట్టిగా ఉన్న ట్రాక్ మొత్తాన్ని సెలెక్ట్ చేసి, యాంప్లిఫై ఎఫెక్టులో మైనస్ 5.3 ఇవ్వండి. ఎప్పుడూ గట్టిదాన్నే తగ్గించాలి. మెల్లగా ఉన్నదాన్ని పెంచితే దాని శిఖరాలు కప్పుకు కొట్టుకొని అదీ చెడుతుంది. మళ్ళీ కొలిచి, తేడా 0.2 లోపు వచ్చిందాకా వదలకండి. ఫోన్ యాప్‌లో వినేవాళ్ళు సెట్టింగుల్లో వాల్యూమ్ నార్మలైజేషన్ ఆపేయండి. లేకపోతే యాప్ తన లెక్క ప్రకారం తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది.

సమం చేశాక వినాల్సింది మొదటగా టింపనీ (ఆర్కెస్ట్రాలో వాయించే పెద్ద గిన్నె ఆకారపు డోలు) దెబ్బ. డప్పు మీద చిర్ర పడ్డ క్షణం మనకు బాగా తెలుసు: ముందు టక్కుమని తోలు చప్పుడు, తర్వాత మోత. బిగించిన విడుదలలో ఆ టక్కు పోయి మోత మాత్రమే మిగులుతుంది. దెబ్బ పడ్డప్పుడు వెనక ఉన్న తీగవాద్యాలు ఒక్క క్షణం కుంగి మళ్ళీ లేస్తే అదీ బిగింపు గుర్తే. 'కొత్త మాస్టర్' (విడుదల కోసం సౌండ్‌ను మళ్ళీ సరిచేసి తయారుచేసిన ప్రతి) అని రాసి ఉంటే రెట్టింపు ధర పెట్టి కొన్న ఒక సీడీని ఇలా ఆరు డెసిబెల్స్ దించి విన్నాను. పాత సీడీలో గుండెకు తగిలే దెబ్బ అందులో దిండు మీద గుద్దినట్టుంది. అప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు, ఎందుకంటే కోసేసిన శిఖరాన్ని మనం ఇంట్లో ఏం చేసినా తిరిగి తేలేం.

సాధనకు మంచి ఉదాహరణ హాలీవుడ్ సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ స్టార్ వార్స్ సినిమాకు చేసిన సంగీతం. 1977 మార్చిలో ఇంగ్లండ్‌లోని డెన్హమ్‌లో, ఆన్విల్ స్టూడియోలో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది. అదే ఏడాది రెండు ఎల్పీలుగా, 1993లో నాలుగు సీడీల పెట్టెలో భాగంగా, 1997లో రెండు సీడీలుగా, 2018లో మళ్ళీ రీమాస్టర్ అయి వచ్చింది. మన దగ్గర వెతికితే ఇళయరాజా 1989 గీతాంజలి కూడా క్యాసెట్ కాపీగా, సీడీగా, యాప్‌లో మూడు తీర్లుగా దొరుకుతుంది.

రాత్రి పదకొండు దాటాక, ఫ్యాన్ ఆపి వినండి. కాజీపేట వైపు గూడ్స్ బండి పోతుంటే అది పోయిందాకా ఆగండి, డబుల్ బాస్ (వయొలిన్ జాతిలో అన్నిటికన్నా పెద్ద, కింది స్వరాల తీగవాద్యం) స్వరాలను ఆ మోతే మింగేస్తుంది. ఇంట్లో ఎవరినైనా పిలిచి, ఏది ఏదో మీకు చెప్పకుండా పదిసార్లు మార్చి మార్చి వినిపించమనండి. ఏ విడుదల అన్నది పక్కన పెట్టి, టింపనీ టక్కు వినపడిందా లేదా అన్నది మాత్రమే ప్రతిసారీ రాయండి. నాలుగో పాఠంలో టేపు హిస్సు, అంటే టేపు నుంచి వచ్చే బుస్సుమనే చప్పుడు గురించి మాట్లాడుకుంటాం, ఆ పది జవాబుల కాగితం దగ్గర ఉంచుకోండి.