వానలు పడకముందే ప్రొజెక్షన్ టీవీ ఫోకస్: చేయి పెట్టే ముందు జాగ్రత్తలు

బెజవాడలో జూన్ ముసురు మొదలయ్యేలోపే, ఇంట్లో పాత ప్రొజెక్షన్ టీవీ ఉన్నవాళ్లు దాని ఫోకస్ పని ముగించుకోవడం మంచిది. ఇది మూత తీసి చేసే పని. లోపల దాదాపు 30 వేల వోల్టులు ఉంటాయి. ఏళ్లుగా పేరుకున్న దుమ్ము చెమ్మ పీల్చుకుందంటే కరెంటు ఆ దుమ్ము మీదుగానే దారి చేసుకుంటుంది. లోపల చిటచిటమని చప్పుడు వస్తే ప్లగ్గు పీకేసి మెకానిక్‌ని పిలవండి. వాన పడే రోజు, తడి తుడిచిన నేల మీద ఈ పని అసలు పెట్టుకోకండి.

నేను చెప్పేది మూడు పిక్చర్ ట్యూబుల సెట్ గురించి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ట్యూబులు మూడూ వేరు వేరు లెన్సుల గుండా బొమ్మని అద్దం మీదికి పంపితే, అక్కడి నుంచి అది స్క్రీన్ మీద పడుతుంది. బల్బుతో నడిచే తర్వాతి కాలం సెట్లకు ఈ పద్ధతి వర్తించదు.

బొమ్మ మసకగా ఉందనగానే స్క్రూడ్రైవర్ తీయకండి. ముందు టీవీని ఒక అరగంట ఆన్‌లో ఉంచి వేడెక్కనివ్వండి. తర్వాత మెనూలోని తెల్ల అక్షరాలను దగ్గరికెళ్లి చూడండి. అక్షరానికి ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క నీలం విడిపోయి, ఏ రంగుకి ఆ రంగు సన్నగానే ఉంటే అది కన్వర్జెన్స్ (మూడు రంగులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం) తేడా, ఫోకస్‌ది కాదు. రంగులు కలిసే ఉండి అక్షరమే లావుగా ఉంటే అప్పుడు ఫోకస్. నల్లటి తెర మీద తెల్ల అక్షరం చుట్టూ పాలపొగ అలుముకున్నట్టుంటే లెన్సులు, అద్దం మీద దుమ్మైనా పట్టి ఉండాలి, ట్యూబుకీ లెన్సుకీ మధ్య ఉండే కూలెంట్ (ట్యూబును చల్లబరిచే ద్రవం) అయినా మసకబారి ఉండాలి. కూలెంట్ పాడైతే ఎంత తిప్పినా లాభం లేదు.

మెనూలో షార్ప్‌నెస్ ఎక్కడుందో కూడా చూడండి. చాలామంది దాన్ని ఫుల్‌గా పెట్టేస్తారు. దానివల్ల లేని వివరం రాదు, అంచుల చుట్టూ తెల్ల గీత మాత్రం వస్తుంది. బాగా తగ్గించండి. కాంట్రాస్ట్ కూడా తగ్గించండి, మరీ ఎక్కువుంటే వెలుగు చోట్ల గీతలు ఉబ్బుతాయి. చాలా ఇళ్లలో ఇంతటితోనే పని అయిపోతుంది, మూత తీయాల్సిన అవసరమే రాదు.

దుమ్ము దులపాలంటే ప్లగ్గు పీకి, సెట్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. లోపలి అద్దానికి పూత పైవైపే ఉంటుంది. గుడ్డతో రుద్దినా, అద్దాలు తుడిచే స్ప్రే కొట్టినా ఆ పూత గీతలు పడుతుంది, మళ్లీ రాదు. గాలి ఊదే రబ్బరు బుడ్డి, మెత్తటి బ్రష్ చాలు. లెన్సులు చాలావరకు ప్లాస్టిక్‌వే, వాటికీ స్ప్రేలు వద్దు. మన వైపు వెనక కంతల్లోంచి బల్లులు దూరడం మామూలే, బోర్డుల మధ్య టార్చి వేసి చూడండి.

ఇక ఫోకస్. ఇది టీవీ ఆన్‌లో ఉండగానే చేయాలి, భయం ఉండాల్సింది ఇక్కడే. ఉంగరాలు, గొలుసు, గాజులు తీసేయండి. కాళ్లకు పొడి రబ్బరు చెప్పులు ఉండాలి. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో చేత్తో మాత్రమే పని చేయండి. స్క్రూడ్రైవర్ పూర్తిగా ప్లాస్టిక్‌ది కావాలి. మెయిన్ స్విచ్ దగ్గర ఇంకో పెద్ద మనిషి ఉండాలి, పిల్లలు గదిలో ఉండకూడదు. ట్యూబు మీదికి వెళ్లే లావు వైరు జోలికి పోకండి. ప్లగ్గు పీకాక కూడా అందులో కరెంటు నిలిచి ఉంటుంది.

చాలా సెట్లలో ఫోకస్ నాబ్‌లు, స్క్రీన్ నాబ్‌లు ఒకే దిమ్మ మీద ఉంటాయి. స్క్రీన్ అని రాసి ఉన్నవాటిని ముట్టుకోవద్దు, తిప్పితే రంగులన్నీ తారుమారవుతాయి. మార్కర్‌తో ప్రతి నాబ్ ఇప్పుడున్న చోటు గుర్తు పెట్టుకోండి. మిగతా రెండు లెన్సుల మీద అట్టముక్క ఆనించి ఆకుపచ్చతో మొదలుపెట్టండి. నాబ్ కొంచెం కొంచెంగా తిప్పుతుంటే తెర మీది అక్షరాల లావు గీత సన్నబడుతూ వస్తుంది. బాగా కుదిరినచోట దగ్గర్నుంచి చూస్తే అడ్డగీతలు విడివిడిగా కనిపిస్తాయి. ఇంకాస్త తిప్పితే మళ్లీ లావెక్కుతుంది. వెనక్కి వచ్చి ఆ సన్నటి చోట ఆపేయండి. నీలం దగ్గర మాత్రం పట్టుదల వద్దు, తెలుపు సరిగా రావడానికి చాలా సెట్లలో దాన్ని కావాలనే కాస్త మెత్తగా ఉంచుతారు. నాబ్‌తో కుదరకపోతేనే లెన్స్ పక్కనున్న నట్టు వదులు చేసి, లెన్స్ వెంట్రుకవాసి తిప్పండి. బిగించేటప్పుడు అది కదులుతుంది, మళ్లీ చూసుకోండి. కన్వర్జెన్స్ చివర్లోనే చేయాలి. ముందు చేస్తే ఆ కష్టమంతా వృథా. కన్వర్జెన్స్ సరిచేసేటప్పుడు తెర మీద వచ్చే గళ్ల గీతల బొమ్మను కూడా గంటల తరబడి తెర మీద వదిలేయకండి, ట్యూబుల మీద మచ్చ పడిపోతుంది.

లెన్సు కింద జిగురుగా, తడిగా కనిపిస్తే పని ఆపేయండి. కారేది కూలెంట్, బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది. అది విషం కూడా, పిల్లల చేతికి అంటనివ్వకండి.

అమెరికా నుంచి తెచ్చిన సెట్ అయితే అది 120 వోల్టులదో కాదో వెనక చీటీ మీద చూసి, వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ సరిపడాది చూసి, దాని ద్వారానే పెట్టండి. ఉరుములు మొదలైతే ప్లగ్గుతో పాటు కేబుల్ వైరు కూడా పీకేయండి. ఈ సెట్లలో బోర్డులు అడుగునే ఉంటాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పటిలా సెట్ అడుగు తడిసిందంటే, బయటికి ఎంత ఆరినట్టు కనిపించినా మెకానిక్ బోర్డులు తీసి చూసేదాకా ప్లగ్గు పెట్టకండి.