కాంటూర్ డ్రాయింగ్ నేర్చుకోవడం ఎలా? మోడల్‌గా మీ ఎడమ చెయ్యి చాలు

చెయ్యి బొమ్మ గీయమంటే కొత్తలో చాలామంది ఐదు అరటిపళ్ళు పక్కపక్కన పెట్టేస్తారు, నేనూ అంతే, ఎందుకంటే మనం చూసి గీయం, వేలంటే ఇలాగే ఉంటుందని బుర్రలో ఉన్నది గీసేస్తాం. ఆ అలవాటు వదిలించేదే కాంటూర్, అంటే వస్తువునే చూస్తూ దాని అంచుల్నీ మడతల్నీ గీతతో గీయడం. షేడింగ్ లేదు, రబ్బర్ లేదు, ఒట్టి గీత.

అవుట్‌లైనే కదా అనుకోకండి. అవుట్‌లైన్ బయటి అంచుతో అయిపోతుంది, కాంటూర్‌లో కణుపుల మీద మడతలు, గోరు అంచు, అరచేతి గీతలు కూడా వస్తాయి.

ముందు ఏ4 కాగితాన్ని టేబుల్‌కి టేప్‌తో అంటించండి, లేకపోతే మధ్యలో జరిగిపోద్ది. బాల్ పెన్ బెస్ట్, చెరపాలన్నా కుదరదు. ఫోన్‌లో 5 నిమిషాలు టైమర్ పెట్టి, కాగితం కనిపించకుండా పక్కకి తిరిగి కూర్చుని, ఎడమ చేతిని కాస్త ముడిచి ఎదురుగా పెట్టుకోండి (ఎడమచేతివాటం వాళ్ళు కుడిచెయ్యి).

మణికట్టు దగ్గర ఒక చోట చూపు ఆనించి పెన్ను కాగితం మీద పెట్టండి, ఇక అటు చూడొద్దు. మామిడికాయ చెక్కు తీసేటప్పుడు కత్తి కాయని వదలకుండా పోతుంది కదా, చూపు అంచుని అలా పట్టుకుని పోవాలి, చూపు ఎంత కదిలితే పెన్ను అంతే. మడత లోపలికి వెళ్ళి ఆగిపోయిందా, పెన్ను ఎత్తకుండా అదే దారిన వెనక్కి రండి. రెండు నిమిషాలకే టైమర్ మోగాల్సింది ఇంకా మోగలేదేంటి అనిపిస్తే తొందరపడుతున్నారన్నమాట. బాపు గారి బొమ్మల్లో జడ ఒక్క గీతలో తిరిగిపోవడం చూసి మనకీ స్పీడ్ పుడుతుంది, ఇప్పుడే వద్దు.

బొమ్మ ఘోరంగా వస్తుంది, వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి, పర్లేదు. పోలిక చూడకండి, ఏదో ఒక కణుపు దగ్గర గీత నిజమైన చర్మంలా వణికి ఉంటుంది, అది వెతకండి.

రోజుకి రెండు మూడు చొప్పున వారం చేశాక కాగితం చూడొచ్చు, కాకపోతే పెన్ను ఆగినప్పుడే. కదిలేటప్పుడు కళ్ళు వస్తువు మీదే ఉండాలి. దీనికి హవాయి చెప్పు భలే ఉంటుంది. ఒక కన్ను మూసి, తల కదపకుండా, పట్టీల మధ్య ఖాళీ ఏ ఆకారంలో ఉందో ముందు అది గీయండి, ఖాళీ కుదిరితే పట్టీలు వాటంతటవే కుదురుతాయి.