సెంట్రల్లో దిగినాక యాడికి పోవాల: తిరుపతి నుంచి చెన్నై పోయేవాళ్ళకు

మాది తిరుపతి, కొర్లగుంట. ఇంటి ముందరి గదిలో ఇరవై రెండేళ్ళుగా జాకెట్లు కుడుతున్నా. లైనింగు గుడ్డ, ఫాల్సు, జిప్పులు, లేసుల కోసం రెండు నెలలకొకసారి చెన్నై పోవాల. మా పెద్దబిడ్డ కాపురం ఆలందూరులో. ఇవిగాక మూడేళ్ళ నుంచి మా అమ్మను ఎగ్మోరుకు కంటి పరీక్షలకు తీసుకుపోతున్నా. ఇన్నిసార్లు తిరిగినదాన్ని గదా, వీధిలో ఎవరు చెన్నై పోవాలన్నా ముందురోజు సందకాడ వచ్చి, "అక్కా, సెంట్రల్లో దిగినాక యాడికి పోవాల?" అని అడుగుతారు. వాళ్ళకు చెప్పిందంతా ఒకచోట రాసిపెడుతున్నా.

పోయేదానికి నాకు రైలే ఇష్టం. 2018 అక్టోబరు నుంచి మన వైపు బస్సులు మాధవరం బస్టాండుకు పోతున్నాయి. అక్కడ దిగి మళ్ళీ సిటీ బస్సు వెతుక్కోవాల. రైలైతే ఊరి నడిబొడ్డున దింపుతుంది. పొద్దున్నే తిరుపతిలో బయలుదేరే గరుడాద్రి ఎక్కితే పగలంతా చెన్నైలో పనులు చేసుకోవచ్చు. రేణిగుంట, పుత్తూరు, ఏకాంబరకుప్పం, తిరుత్తణి, అరక్కోణం దాటుకుని పోతుంది. దార్లో వెంకటనరసింహరాజువారిపేట స్టేషన్ వస్తుంది. ఆ పొడుగాటి పేరున్న బోర్డు చూడాలని మా అమ్మ ప్రతిసారీ కిటికీ పక్కనే కూర్చుంటుంది. కన్ను ఎంత బాగుపడిందో ఆ బోర్డు చదివి తనే చెప్తుంది.

అరక్కోణం దాటినాక నిద్రపోవద్దండి. పని అక్కడే మొదలు. ఇంకా డెబ్బై కిలోమీటర్లకు రొంత తక్కువ ఉంటుంది. ఆ సమయంలో మీరు చివరికి దిగాల్సిన స్టేషన్ పేరు ఒకటి తేల్చుకోండి. "టీ నగర్ పోవాల" అంటే చాలదు, టీ నగర్‌కు స్టేషన్ మాంబలం. "ఎయిర్‌పోర్టు" అంటే మెట్రోలో ఎయిర్‌పోర్టు, లోకల్ రైల్లో తిరుసూలం. ఈ పేరు ముందే తెలిస్తే సెంట్రల్లో మీ అడుగు తిన్నగా పడుతుంది. తెలియకుండా దిగితే జనం ఎటు తోస్తే అటు పోతారు. నేను మొదట్లో అట్లనే పోయినా.

మనం సెంట్రల్ అనే చోట ఐదు స్టేషన్లున్నాయి. మన రైలు ఆగేది పెద్ద సెంట్రల్. 1873 నాటి ఎర్ర కట్టడం, గడియారం గోపురం ఉండేది అదే. దాన్ని ఆనుకునే మూర్ మార్కెట్ కాంప్లెక్స్ ఉంది. ఆవడి, తిరువళ్ళూరు, అరక్కోణం వైపు, గుమ్మిడిపూండి వైపు పోయే లోకల్ రైళ్ళు అక్కడ బయలుదేరతాయి. రోడ్డు కింద మెట్రో స్టేషన్. రోడ్డుకు అవతల పార్క్ స్టేషన్, అక్కడ నుంచి తాంబరం, చెంగల్పట్టు వైపు లోకల్ రైళ్ళు. దానికి దగ్గర్లోనే పార్క్ టౌన్, అది వేళచ్చేరి పోయే లైను. ఈ ఐదింటినీ కలిపేది నడకే.   ఏ బండి నుంచి ఏ బండికి మారాలన్నా మనం గేటు దాటి నడవాల్సిందే.

ఇప్పుడు దిక్కులు చెప్తా, జాగ్రత్తగా చదవండి. ప్లాట్‌ఫారం చివర పెద్ద హాల్లోకి వచ్చి, ముందు ద్వారం గుండా బయటపడండి. గడియారం గోపురం మీ వీపు వెనక, పెద్ద రోడ్డు మీ ఎదురుగా ఉండాల. అట్ల నిలబడితే మీ కుడిచేతి వైపు మూర్ మార్కెట్ కాంప్లెక్స్, దాని తర్వాత తెల్లగా కనబడేది కార్పొరేషన్ వాళ్ళ రిప్పన్ బిల్డింగు. రోడ్డుకు అవతల ఎడమగా పెద్దాసుపత్రి. అవతలే కుడివైపుగా పోతే పార్క్ స్టేషన్. మెట్రోకు దిగే మెట్లు, లిఫ్టు రోడ్డుకు ఇటుపక్కే దొరుకుతాయి. మెట్రో బోర్డు మీద "పురట్చి తలైవర్ డాక్టర్ ఎం.జి. రామచంద్రన్ సెంట్రల్" అని పొడుగ్గా ఉంటుంది. 2019లో రైల్వే స్టేషన్‌కూ ఆ పేరే పెట్టినారు. ఎవరినన్నా అడిగేటప్పుడు మాత్రం "సెంట్రల్ మెట్రో" అంటే చాలు. బోర్డులు ఎక్కువగా తమిళం, ఇంగ్లీషులో ఉంటాయి. మనలో చాలామందికి తమిళం మాట్లాడను వస్తుంది, చదవను రాదు. మొహమాటపడకుండా "పార్క్ స్టేషన్ ఎంగె?" అని అడగండి, చెయ్యి చూపించి మరీ చెప్తారు.

రోడ్డు మీద నుంచి మాత్రం దాటొద్దు. మా అమ్మను మొదటిసారి తీసుకుపోయినప్పుడు నాకు ఈ సంగతి తెలీదు. మిట్టమధ్యాహ్నం, ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో అమ్మ చెయ్యి. బస్సుల మధ్య నిలబడుకుంటే ఆమె మోకాళ్ళు వణికినాయి. అవతలికి చేరినాక ఫుట్‌పాత్ మీదే కూర్చుండిపోయింది. "ఇంటికి పోదాం పద బిడ్డా" అనింది. ఆ రోజు పరీక్షకు పోలేదు. ఆ తర్వాత తెలిసింది, మెట్రో కోసం తవ్విన దారి రోడ్డు కింద నుంచి అవతలికి పోతుందని. మెట్రో ఎక్కకపోయినా ఆ దారిలో నడవొచ్చు, టికెట్ గేట్ల లోపలికి పోకుండా ఉంటే సరి. ఇప్పుడు మేము లిఫ్టులో దిగి, నిదానంగా నడిచి, అవతల పైకి వస్తాం. అమ్మతో పావుగంట పడుతుంది, ఒక్కదాన్నే అయితే ఐదారు నిమిషాలు. పెద్దవాళ్ళను తీసుకుపోయేవాళ్ళు ఇంకేదీ గుర్తు పెట్టుకోకపోయినా ఈ దారి గుర్తు పెట్టుకోండి.

ఏ ఊరికి ఏది ఎక్కాలో నా లెక్క ఇది.

టీ నగర్ అంగళ్ళకైతే పార్క్‌కు పోయి తాంబరం వైపు లోకల్ ఎక్కండి. ఎగ్మోరు, చేత్‌పట్, నుంగంబాక్కం, కోడంబాక్కం, ఆ తర్వాత మాంబలం. లోకల్లో టికెట్ ఐదు రూపాయల నుంచి మొదలు. మెట్రోలో పది నుంచి. తాంబరం, క్రోంపేట, పల్లావరం వాళ్ళకు కూడా ఇదే దారి.

కోయంబేడు, వడపళని, అశోక్ నగర్ పోయేవాళ్ళు మెట్రోలో పచ్చ లైను ఎక్కాల. విమానాశ్రయానికి నీలం లైను. సెంట్రల్ మెట్రోలో ఈ రెండు లైన్లూ కలుస్తాయి, కానీ ప్లాట్‌ఫారాలు వేర్వేరు అంతస్తుల్లో ఉంటాయి. రంగు చూసి దిగండి, దిగినాక బండి మీద రాసిన చివరి స్టేషన్ పేరు చూడండి. నీలం లైన్లో ఒకవైపు ఎయిర్‌పోర్టు, రెండోవైపు వింకో నగర్ డిపో. మా బిడ్డ ఉండే ఆలందూరుకు రెండు లైన్లూ పోతాయి. పచ్చది కోయంబేడు చుట్టి పోతుంది, నీలం సైదాపేట మీదుగా బిన్నా పోతుంది. నేను ఎప్పుడూ నీలమే ఎక్కుతా, అరగంట లోపే చేరతా. విమానం ఎక్కేవాళ్ళకు లోకల్లో తిరుసూలం కంటే మెట్రో మేలు, పెట్టెలు మోసుకుంటూ రోడ్డు దాటే పని ఉండదు.

నా సరుకు కొనేది పారిస్ కార్నర్ అనే బజారు వైపు, గోడౌన్ స్ట్రీట్లో. దానికి నీలం లైన్లోనే వింకో నగర్ వైపు ఎక్కి మన్నడి లేదా హైకోర్టులో దిగాల. ఒకటి రెండు స్టేషన్లే. చెన్నైలో గుడ్డ కొనడం గురించి రాయాలంటే ఇంకో రోజు కావాల, కానీ ఒక్కటి చెప్తా. మీటరు రేటు అడిగే ముందు గుడ్డ పన్నా, అంటే వెడల్పు, ఎంతో అడగండి.

ఎగ్మోరుకు రెండు దార్లు. పార్క్ నుంచి లోకల్లో ఒక స్టేషన్, మెట్రో పచ్చ లైన్లో కూడా ఒకటే స్టేషన్. 1819లో మొదలైన సర్కారు కంటి ఆసుపత్రి అక్కడే ఉంది. ఒంటరిగా పోతే లోకల్ చాలు. పెద్దవాళ్ళుంటే పది రూపాయలు పోయినా మెట్రోనే ఎక్కించండి. లిఫ్టు ఉంటుంది, బండికీ ప్లాట్‌ఫారానికీ మధ్య ఎత్తు తేడా ఉండదు, భూమి కింద స్టేషన్లలో పట్టాల పక్కన అద్దాల తలుపులుంటాయి. లోకల్ ఆగేది కొన్ని సెకన్లే. మోకాళ్ళు నొప్పులున్న మనిషిని ఆ కొన్ని సెకన్లలో ఎక్కించడం నాకు భయం.

తిరువల్లిక్కేణి పార్థసారథి స్వామిని చూడాలన్నా, మైలాపూరు కపాలీశ్వరుని గుడికి పోవాలన్నా పార్క్ టౌన్ నుంచి వేళచ్చేరి బండి. వంతెన మీద పోయే రైలు, రద్దీ లేనప్పుడు చాలా హాయిగా ఉంటుంది.

ఇంక టికెట్లు. తిరుపతి నుంచి సెంట్రల్ దాకా తీసుకున్న టికెట్ సెంట్రల్‌తోనే సరి. అది చూపించి పార్క్‌లో లోకల్ ఎక్కడానికి కుదరదు, వేరే తీసుకోవాల. మెట్రోది మళ్ళీ వేరే. కౌంటర్లో క్యూఆర్ కాగితం ఇస్తారు, గేటు దగ్గర చూపిస్తే తెరుచుకుంటుంది. బయటికి పోయేటప్పుడు కూడా అదే చూపాల, కాబట్టి పారెయ్యొద్దు. 2025 సెప్టెంబరులో చెన్నై వన్ అని ఒక యాప్ వచ్చింది. సిటీ బస్సు, లోకల్, మెట్రో మూడింటికీ అందులోనే టికెట్ తీసుకోవచ్చు. మా బిడ్డ నా ఫోన్లో పెట్టిచ్చింది, వరసలో నిలబడే బాధ పోయింది. రైల్వే యాప్‌లో లోకల్ టికెట్ తీసేవాళ్ళకు రెండు మాటలు. స్టేషన్ లోపలికి వచ్చినాక మామూలుగా తీస్తే రాదు, బయటే తీసుకోండి, లేదంటే స్టేషన్లో అతికించిన క్యూఆర్‌ను స్కాన్ చెయ్యండి. రెండోది, తిరువళ్ళూరు వైపు లోకల్‌కు బయలుదేరే స్టేషన్ పేరు "మూర్ మార్కెట్ కాంప్లెక్స్" అని వెతకాల.

మూర్ మార్కెట్ పేరు వింటే నాకు మా నాయన గుర్తొస్తాడు. ఆ చోట అప్పుడు పాత పుస్తకాలు, పాత సామాన్ల అంగళ్ళుండేవి. మా ఇంట్లో మొదటి కుట్టుమిషను ఆయన అక్కడే బేరమాడి కొని, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చినాడు. 1985లో ఆ మార్కెట్టు కాలిపోయింది. నేను కుట్టు నేర్చుకునింది ఆ మిషను మీదే. ఇప్పటికీ అక్కడ లోకల్ కోసం నిలబడితే ఆ అంగళ్ళు ఎట్లుండేవో చూడాలనిపిస్తుంది.

2025 ఏప్రిల్ నుంచి బీచ్-చెంగల్పట్టు లైన్లో ఏసీ లోకల్ కూడా తిరుగుతుంది. మామూలు టికెట్ దాంట్లో చెల్లదు. మాంబలం నుంచి వస్తూ చెమటలు పడుతుంటే చల్లగా ఉందని నేను ఎక్కేసినా. తనిఖీ ఆయన టికెట్ చూసి చెప్పేదాకా తెలీదు. నా తప్పే, జరిమానా కట్టినా. ఆ డబ్బుతో పది జాకెట్లకు లైనింగు వచ్చేది. తలుపులు మూసుకుని వచ్చే బండి కనబడితే ఎక్కే ముందు టికెట్ చూసుకోండి.

మెట్రో లోపలికి పోయేటప్పుడు సంచులు యంత్రంలో పెట్టి చూస్తారు. కుట్టుపని వాళ్ళు కత్తెర ఇంట్లోనే పెట్టి రండి. సరుకు పెద్ద మూటగా కట్టించొద్దు, రెండు చేతిసంచులుగా చేయించుకోండి. మూట ఎక్కువైతే నేను పారిస్ నుంచి సెంట్రల్‌కు ఆటో మాట్లాడుకుంటా.

తిరుగు ప్రయాణానికి సాయంత్రం గరుడాద్రి ఉంది. వేళలు మారుతుంటాయి, పోయే ముందురోజు చూసుకోండి. బండి వేళకు ముప్పావుగంట ముందే సెంట్రల్ మెట్రోలో దిగేటట్టు పెట్టుకోండి. కింద నుంచి పైకి రావడం, పెద్ద సెంట్రల్లో ప్లాట్‌ఫారం వెతుక్కోవడం, జనరల్ పెట్టె దాకా నడవడం, అన్నిటికీ ఆ సమయం కావాల.

బండి తప్పిపోతే ఏడుస్తూ కూర్చోవద్దు. మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌కు పోయి తిరుత్తణి లోకల్‌కు టికెట్ తీసుకోండి. ఎక్కువ బండ్లు అరక్కోణంలోనే ఆగిపోతాయి, కాబట్టి బోర్డు మీద తిరుత్తణి అని ఉందో లేదో చూసి ఎక్కండి. తిరుత్తణిలో నగరి, పుత్తూరు మీదుగా తిరుపతి పోయే బస్సులు దొరుకుతాయి. నేను రెండుసార్లు అట్లనే ఇల్లు చేరినా. సూళ్ళూరుపేట, తడ వైపు వాళ్ళకైతే ఇంకా సులభం. అవి ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉన్నాయి, చెన్నై లోకల్ సూళ్ళూరుపేట దాకా వస్తుంది. చిత్తూరు వాళ్ళు కాట్పాడి మీద పోయే బండి చూసుకోండి.

తిరుత్తణి మురుగన్ పండగ ఆడికృత్తిక రోజుల్లో మాత్రం తిరుత్తణి దారి పట్టొద్దు. కావళ్ళు ఎత్తుకున్న జనంతో లోకల్లో కాలు పెట్టను చోటుండదు, బస్సులూ అంతే. ఆ రోజు బండి తప్పితే నేను మళ్ళీ మెట్రో ఎక్కి ఆలందూరు పోయి, మా బిడ్డ ఇంట్లో పడుకుని, మరుసటి రోజు బయలుదేరతా.