పోస్ట్‌ఫిక్స్‌లో మెయిల్ తిరిగొస్తోందా? ముందు టేబుల్‌ని అడగండి

"నిన్నటిదాకా బాగానే వచ్చాయండీ, పొద్దున్నుంచి ఒక్క మెయిలూ రావట్లేదు" అని ఫోన్ రాగానే చాలామంది పోస్ట్‌ఫిక్స్ (మెయిళ్లు తీసుకుని చేరవేసే సర్వర్ సాఫ్ట్‌వేర్) సెట్టింగుల ఫైలైన మెయిన్.సిఎఫ్ తెరిచి ఏదో ఒకటి మార్చేస్తారు. ఆ పని చేయకండి. ముందు లాగ్ (సర్వర్ ఏం చేసిందో రాసుకునే ఫైల్) చూడండి. ఉబుంటు, డెబియన్‌లలో అయితే సాధారణంగా /వార్/లాగ్ ఫోల్డర్‌లోని మెయిల్.లాగ్, రెడ్‌హ్యాట్ తరహా సిస్టమ్‌లలో అయితే మెయిల్‌లాగ్.

తిరిగొచ్చిన అడ్రస్‌ని అందులో వెతికితే దాని పక్కనే ఒక నంబరు ఉంటుంది. సాధారణంగా 550 5.1.1 అంటే అలాంటి యూజర్ లేడని. 554 5.7.1 అంటే ఏదో రూల్ అడ్డుపడింది. 451 4.3.0తో పాటు "టెంపరరీ లుకప్ ఫెయిల్యూర్" కనిపిస్తే అడ్రస్ సంగతి తర్వాత, పోస్ట్‌ఫిక్స్ అసలు టేబుల్‌నే (ఏ అడ్రస్‌కి ఏం చేయాలో రాసి ఉన్న జాబితా) చదవలేకపోతోందన్నమాట.

యూజర్ లేడంటే, పోస్ట్‌ఫిక్స్ చూసే టేబుల్‌నే మనమూ అడగాలి:

పోస్ట్‌మ్యాప్ -క్యూ అకౌంట్స్@ఎగ్జాంపుల్.కామ్ హ్యాష్:/ఈటీసీ/పోస్ట్‌ఫిక్స్/వర్చువల్

జవాబు వస్తే ఎంట్రీ ఉన్నట్టే. ఏమీ రాకపోతే లేదని అర్థం. ఎర్రర్ కూడా చూపించదు. ఒక మెలిక ఉంది. ఈ కమాండ్ మీరిచ్చిన మాటనే అచ్చంగా వెతుకుతుంది. వర్చువల్ టేబుల్‌లో (ఒక అడ్రస్ మెయిల్‌ని ఇంకో అడ్రస్‌కి మళ్లించేది) పోస్ట్‌ఫిక్స్ పూర్తి అడ్రస్ దొరక్కపోతే @తో మొదలయ్యే డొమైన్‌నీ చూస్తుంది కాబట్టి, దాన్ని కూడా విడిగా అడగండి.

ఓసారి నేను ఫైల్లో లైను చేర్చాను, కళ్లారా చూస్తున్నాను, అడిగితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. గంటసేపు టెన్షన్. తీరా చూస్తే, మార్చాక పోస్ట్‌మ్యాప్ నడపలేదు. హ్యాష్ టేబుల్ అయితే పోస్ట్‌ఫిక్స్ చదివేది మన టెక్స్ట్ ఫైల్‌ని కాదు, దాన్నుంచి తయారైన .డిబి ఫైల్‌ని. డేటాబేస్ అసలు ఫైల్ కంటే పాతదని లాగ్‌లో వార్నింగ్ కూడా ఉంది, నేనే చూడలేదు.

రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) అడిగితే జవాబొస్తోంది, మెయిల్ మాత్రం ఆగుతోందా? సుడో -యు పోస్ట్‌ఫిక్స్ పెట్టి, అంటే పోస్ట్‌ఫిక్స్ యూజర్‌గా, మళ్లీ అడగండి, పర్మిషన్ గొడవైతే అక్కడే బయటపడుతుంది. మైఎస్‌క్యూఎల్ టేబుల్ అయితే హోస్ట్‌లో లోకల్‌హోస్ట్ బదులు 127.0.0.1 రాసి చూడండి. లోకల్‌హోస్ట్ అంటే సాకెట్ ఫైల్ ద్వారా కలుస్తుంది. డెబియన్‌లో మెయిల్ తీసుకునే భాగం క్రూట్‌లో (తన ఫోల్డర్ దాటి ఏదీ కనిపించని చోట) ఉండొచ్చు, అప్పుడు బయటి సాకెట్ దానికి కనబడదు.

ఇక యాక్సెస్ రూల్స్, అంటే ఎవరి మెయిల్ తీసుకోవాలి, ఎవరిది ఆపాలి అని చెప్పేవి. ఇక్కడ వరసే ముఖ్యం. పోస్ట్‌ఫిక్స్ వాటిని పైనుంచి చదువుకుంటూ వస్తుంది. ఓకే అన్నా, రిజెక్ట్ అన్నా ఆ జాబితా అక్కడితో సరి. "నాకు అభ్యంతరం లేదు, కింది రూల్స్ చూసుకో" అనాలంటే డన్నో రాయాలి. తెలిసినవాళ్లే కదా అని ఉదారంగా ఓకే ఇచ్చేస్తే, ఆ తర్వాతి స్పామ్ తనిఖీలన్నీ వాళ్లకు మాఫీ. పాత కాన్ఫిగరేషన్లలో అయితే సర్వరే ఓపెన్ రిలే (ఎవరి మెయిల్‌నైనా ఎక్కడికైనా చేరవేసేది) అయిపోవచ్చు, పోస్ట్‌ఫిక్స్ 2.10 నుంచి రిలే రూల్స్‌కి వేరే జాబితా వచ్చింది. ఇంకో మాట: హ్యాష్ టేబుల్‌లో 192.168.1.0/24 అని ఐపీ అడ్రస్‌ల గుంపుని రాస్తే అది ఎప్పటికీ కలవదు. అలాంటివాటికి సిఐడిఆర్ టేబుల్ వాడాలి.

ప్రయోగాలు చేసేటప్పుడు మెయిన్.సిఎఫ్‌లో సాఫ్ట్_బౌన్స్ = యెస్ పెట్టి రీలోడ్ చేయండి. పొరపాటు జరిగినా మెయిల్ శాశ్వతంగా తిరస్కరణకు గురికాదు, పంపిన సర్వర్ మళ్లీ ప్రయత్నిస్తుంది. పనయ్యాక ఆ లైను తీసేయండి, లేకపోతే చెత్త అడ్రస్‌ల మెయిళ్లన్నీ క్యూలో పేరుకుపోతాయి.