రీలు కెమెరా వదిలి మొదటి డీఎస్ఎల్ఆర్ కొనేవాళ్లకి

డీఎస్ఎల్ఆర్ అంటే రీలు బదులు సెన్సర్ మీద బొమ్మ పట్టే, లోపల అద్దం ఉండి లెన్సులు మార్చుకునే డిజిటల్ కెమెరా. కొట్టుకి వెళ్లేముందు బీరువాలో ఉన్న పాత లెన్సులన్నీ తీసి బల్ల మీద పెట్టండి. ఏ బాడీ (లెన్సు లేని కెమెరా భాగం) కొనాలో వాటిని చూసి తేల్చుకోవాలి. కొట్టులో ముందు మెగాపిక్సెల్స్ గురించి చెబుతారు, తర్వాత ఆఫర్ గురించి. మీ లెన్సు ఆ బాడీ మీద పనిచేస్తుందా లేదా అన్నది మీరే తెలుసుకుని వెళ్లాలి.

గుంటూరులో నేను ఏళ్ల తరబడి వాడింది నికాన్ ఎఫ్ఎం2. దానికి 28, 50, 135 ఎంఎం లెన్సులున్నాయి. మూడూ నికాన్ వాళ్ల పాత ఏఐ రకం లెన్సులు, ఫోకస్, అపెర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) రెండూ చేత్తో తిప్పుకునేవి. నికాన్ 1959 నుంచి ఒకే ఎఫ్ మౌంటు (లెన్సు బిగించే చోటు) కొనసాగించింది కాబట్టి అవి డీఎస్ఎల్ఆర్‌కి బిగుస్తాయి. బిగిస్తే చాలదు. డీ3000, డీ5000 వరసల్లోని బాడీలకి ఏఐ లెన్సు పెడితే మీటర్ (వెలుగు కొలత) చూపించదు. డీ7000, డీ7100, డీ7200 చూపిస్తాయి. వాటి మౌంటు అంచున ఒక చిన్న లివర్ ఉంటుంది, అపెర్చర్ రింగు ఎక్కడుందో బాడీకి తెలిసేది దానివల్లే. తర్వాత వచ్చిన డీ7500లో ఆ లివర్ తీసేశారు. కొత్త మోడల్ కదా అని అది కొంటే పాత లెన్సుల మీటరింగ్ పోతుంది. అందుకే నేను వెతికి మరీ సెకండ్ హ్యాండ్ డీ7200 తీసుకున్నాను. ఒక హెచ్చరిక: ఏఐ రకం 1977లో వచ్చింది. అంతకుముందు లెన్సులైతే మార్పు చేయించకుండా ఈ బాడీలకి బిగించకండి, ఆ లివర్ విరిగే ప్రమాదం ఉంది.

నికాన్ ఆటోఫోకస్ రీలు కెమెరా వాడినవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. ఏఎఫ్-డీ లెన్సులకి సొంత మోటారు ఉండదు. డీ3000, డీ5000 వరసల బాడీల్లోనూ మోటారు లేదు కాబట్టి ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. కానన్ ఈఓఎస్ వాడినవాళ్లకి ఈ టెన్షన్ లేదు, 1987 నుంచి వచ్చిన ఈఎఫ్ లెన్సులు ఈఓఎస్ డీఎస్ఎల్ఆర్‌ల మీద పనిచేస్తాయి. అంతకుముందు ఎఫ్‌డీ లెన్సులు మాత్రం పక్కన పెట్టేయండి.

పెద్ద కంపెనీలు చాలావరకు మిర్రర్‌లెస్ (అద్దం లేని కెమెరాల) వైపు వెళ్లిపోయాక మంచి డీఎస్ఎల్ఆర్‌లు తక్కువ ధరకి చేతులు మారుతున్నాయి. అద్దం గుండా నేరుగా చూసి క్లిక్ చేసే అలవాటున్న మనకి ఇది మంచి అవకాశం. కొనేముందు షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. నికాన్‌లో ఆ లెక్క ఫొటో ఫైల్‌లోనే ఉంటుంది. డీ7200 షట్టర్‌ని లక్షా యాభై వేల క్లిక్కులకు పరీక్షించామని కంపెనీ చెప్పింది.

ఏఐ లెన్సు పెట్టగానే సెటప్ మెనూలో నాన్-సీపీయూ లెన్స్ డేటాలోకి వెళ్లి ఫోకల్ లెంగ్త్, గరిష్ఠ అపెర్చర్ నమోదు చేయండి. మోడ్ డయల్ ‘A’ మీదో ‘M’ మీదో ఉండాలి. పాత కెమెరా వ్యూఫైండర్ మధ్యలో బొమ్మ రెండు ముక్కలై కలిసేది కదా, అది ఇందులో ఉండదు. బదులుగా ఎడమవైపు కింద ఒక గుండ్రటి చుక్క వెలుగుతుంది. అది నిలకడగా వెలిగితే ఫోకస్ కుదిరినట్టే.

ఈ బాడీల సెన్సర్ 35 ఎంఎం ఫ్రేము కంటే చిన్నది. లెన్సు ఎంఎం అంకెని నికాన్‌లో 1.5తో, కానన్‌లో 1.6తో హెచ్చవేసి చూసుకోండి. నా 28 ఇప్పుడు 42లాగా చూస్తుంది, ఇరుకు సందుల్లో ఎంత వెనక్కి జరిగినా చాలడం లేదు. కాబట్టి బాడీతోపాటు 18 నుంచి మొదలయ్యే జూమ్ ఒకటి తీసుకోండి. ఉప్పలపాడు చెరువు దగ్గర గూడబాతుల్ని తీసేటప్పుడు మాత్రం ఇదే కలిసొస్తుంది, 200 ఎంఎం లెన్సు 300లాగా చూస్తుంది.

అసలు మారాల్సింది ఎక్స్‌పోజర్ అలవాటు. కలర్ నెగెటివ్‌కి ఒకటి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) ఎక్కువైనా ల్యాబ్‌వాళ్లు ప్రింటులో సరిచేసేవారు. అందుకే మనం ఎప్పుడూ కాస్త ఎక్కువే ఇచ్చేవాళ్లం. సెన్సర్ అలా క్షమించదు. తెల్లగా మాడిపోయిన చోట ఇక సమాచారమే ఉండదు. నీడలో మాత్రం ఉంటుంది, ర్యా ఫైల్‌లో (సెన్సర్ పట్టినదంతా దాచే ఫైల్) తీస్తే దాన్ని తర్వాత పైకి లాగొచ్చు. స్లైడ్ ఫిల్మ్ తీసినవాళ్లకి ఈ జాగ్రత్త ముందే తెలుసు. కోటప్పకొండ తిరునాళ్లలో రాత్రిపూట ప్రభల్ని తీస్తే, నల్లటి ఆకాశం చూసి మీటర్ మోసపోతుంది, బల్బులన్నీ తెల్లటి మచ్చలవుతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ ఒకటి దగ్గర మొదలుపెట్టి, స్క్రీన్ చూసుకుంటూ ఇంకా తగ్గించండి.

మన ఊళ్లో దీనికి గట్టి పరీక్ష మిర్చి యార్డు. ఎర్రటి కాయల రాశి ఫ్రేము నిండా పెట్టి తీస్తే మామూలు హిస్టోగ్రామ్ (బొమ్మలో వెలుగు పంపకం చూపే గ్రాఫు) అంతా బాగుందనే చూపిస్తుంది. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే కాయల ముడతలు, తొడిమ దగ్గర మెరుపు ఏమీ ఉండవు, ఒకటే ఎర్ర ముద్ద. విడిగా ఎరుపు ఛానల్ అంచు దాటిపోవడమే కారణం. ప్లేబ్యాక్ మెనూలో ఆర్‌జీబీ హిస్టోగ్రామ్‌కి టిక్ పెట్టి, ఎరుపు గ్రాఫు కుడి అంచుకి ఆనకుండా వెలుగు తగ్గించండి. ఆ గ్రాఫు జేపెగ్ బొమ్మ నుంచి లెక్కేసింది, కాబట్టి పిక్చర్ కంట్రోల్ వివిడ్ మీద ఉంటే తీసి న్యూట్రల్ మీద పెట్టండి.

అక్కడే వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుకి తగ్గట్టు చేసే సర్దుబాటు) కూడా ఆటోలో ఉంచకండి. ఫ్రేమంతా ఎరుపైతే కెమెరా దాన్ని తగ్గించాలని చూసి రంగు చెడగొడుతుంది. ఎండ గుర్తు మీద పెడితే మనం వాడిన డేలైట్ రీలులాగే ప్రవర్తిస్తుంది. నేను పగలు బయట ఎక్కడున్నా అదే ఉంచుతాను.

యార్డులో లెన్సు మార్చకండి. గాలిలో కారం దుమ్ము ఉంటుంది. రీలులో ప్రతి ఫ్రేముకీ కొత్త ఫిల్మ్ ముందుకొచ్చేది, పడ్డ దుమ్ము ఆ ఫ్రేముతోనే పోయేది. సెన్సర్ ఎప్పుడూ అదే. నలుసు పడితే తర్వాతి బొమ్మలన్నింటిలో, ముఖ్యంగా ఎఫ్/16లో ఆకాశం మీద, మచ్చగా కనిపిస్తుంది. మార్చక తప్పకపోతే కెమెరా ఆపేసి, బాడీ నోరు కిందికి ఉంచి మార్చండి. నోటితో ఊదకండి, రబ్బరు బ్లోయర్ కొనుక్కోండి.

ఐఎస్ఓ (రీలుకో సెన్సర్‌కో వెలుగు పట్టే వేగం) విషయంలో మాత్రం భయం వదిలేయండి. 400 రీలు వేశాక ముప్పై ఆరు బొమ్మలూ దానికే కట్టుబడేవాళ్లం. ఇప్పుడు ఉండవల్లి గుహల బయట 100లో తీసి, లోపల పడుకున్న అనంతపద్మనాభుడి దగ్గరికి వెళ్లగానే 3200 చేయొచ్చు. కాస్త గరుకు కనిపిస్తుంది, అయినా చెయ్యి వణికి చెదిరిన బొమ్మ కంటే అదే నయం.

నెగెటివ్‌లు కవర్లో పెట్టి మర్చిపోయినా దశాబ్దాలు ఉన్నాయి. ఫైళ్లు అలా ఉండవు. డీ7200లో రెండు కార్డు స్లాట్లున్నాయి, రెండోదాన్ని బ్యాకప్‌గా పెట్టండి. ఇంటికి రాగానే కంప్యూటర్లోకి, ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించి, రెండుచోట్లా తెరుచుకుంటున్నాయని చూశాకే కార్డుని కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. ఇంకో హార్డ్ డిస్కు మీ ఇంట్లో కాకుండా అన్నయ్య ఇంట్లోనో చెల్లెలి ఇంట్లోనో ఉంచండి, పండక్కి వెళ్లినప్పుడల్లా కొత్తవి అందులోకి ఎక్కించి రండి.